క్లచ్ కాలిన వాసన: గేర్‌బాక్స్ దించే ముందు చూడాల్సినవి

"అన్నా, క్లచ్ కాలిన వాసన వస్తోంది. ప్లేట్ పోయినట్టేనా?" అని ఫోన్ వస్తే వెంటనే బండి తీసుకురమ్మనను. ముందు ఒకటే అడుగుతాను: "వాసన వచ్చినప్పుడు బండి ఎక్కడుంది, నీ ఎడమ కాలు ఎక్కడుంది?" దీనికి సరైన జవాబు వస్తే చాలా కేసులు ఫోన్‌లోనే తేలిపోతాయి. జవాబు లేకుండా గేర్‌బాక్స్ దించితే బాగున్న క్లచ్ కూడా మారిపోతుంది. దించిన కూలీ ఎలాగూ పడింది కదా అని ఎవరైనా కొత్తదే వేయించుకుంటారు.

బాలానగర్‌లో లేత్ షాపుల వెనక సందులో నా వర్క్‌షాప్. వచ్చేవి ఎక్కువగా మాన్యువల్ గేర్ల హుషారు బళ్లే. వర్టస్ జీటీలు, ఐ20 ఎన్ లైన్లు, కుర్రాళ్లు ప్రాణంలా చూసుకునే పాత అబార్త్ పుంటోలు. ఈ బళ్లు నడిపేవాళ్లకు రెండు భయాలు. ఒకటి గీత పడుతుందని, రెండోది క్లచ్ కాలుతుందని. గీత సంగతి నాకు తెలీదు, క్లచ్ సంగతి చెప్తాను.

ముందు అది క్లచ్చేనా?

క్లచ్ ప్లేట్‌కు రెండు వైపులా ఉండే లైనింగ్‌లో పీచు పదార్థాలుంటాయి, వాటిని పట్టి ఉంచే రెజిన్ ఉంటుంది. ప్లేట్ జారి జారి వేడెక్కితే మాడేది ఆ రెజినే. అట్టముక్కలు మాడిన వాసన, కాస్త గొంతులో పట్టుకునే ఘాటు. చిక్కేమిటంటే బ్రేక్ ప్యాడ్‌లలో కూడా ఇలాంటి రెజినే ఉంటుంది. ముక్కుతో ఈ రెండింటినీ విడదీయడం కష్టం, చేత్తో తేలిక. బండి ఆపి, దిగి, ఒక్కో చక్రం రిమ్ముకు దగ్గరగా అరచేయి పెట్టి చూడండి. తాకొద్దు. ఒక్క చక్రం దగ్గరే సెగ కొడుతుంటే అక్కడ కాలిపర్ (బ్రేక్ ప్యాడ్‌లను నొక్కే భాగం) పట్టేసింది. వెనక రెండూ సెగ కక్కుతుంటే హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించలేదు. ఎవరూ ఒప్పుకోరు గానీ ఇది చాలా మామూలుగా జరిగేదే.

మిగతా వాసనలు తేలిగ్గానే తెలుస్తాయి. తియ్యగా ఉంటే కూలెంట్. నూనె మాడినట్టుండి బానెట్ సందుల్లోంచి సన్నగా పొగ వస్తుంటే ఎగ్జాస్ట్ మీద ఆయిల్ పడుతోంది. ప్లాస్టిక్ వాసనైతే ముందు బండి కిందకి వంగి చూడండి, రోడ్డు మీద ఎగిరే క్యారీబ్యాగ్ సైలెన్సర్‌కు అతుక్కుని ఉండొచ్చు. అలాంటిదేమీ లేకుండా ప్లాస్టిక్ వాసన వస్తుంటే వైరింగ్ కావచ్చు. అప్పుడు మాత్రం ఇంజిన్ ఆపేయండి, ఇక నడపొద్దు.

ఇంకొకటి, వాసన అసలు మీ బండిదేనా? వికారాబాద్ దగ్గర అనంతగిరి ఘాట్‌లో లోడు లారీ వెనక వెళ్తుంటే దాని బ్రేకుల వాసన, క్లచ్ వాసన నేరుగా మీ ఏసీలోకి వస్తుంది. గాలి లోపలే తిరిగేలా రీసర్క్యులేషన్ బటన్ నొక్కి, లారీకి దూరంగా జరగండి. కాసేపట్లో వాసన పోయి, మళ్లీ బయటి గాలి పెట్టినా రాకపోతే అది ఆ లారీదే.

ఎక్కడ వచ్చింది?

హైదరాబాద్‌లో క్లచ్‌లను తినేవి లాంచ్‌లూ (ఆర్‌పీఎం పెంచి ఆగిన బండిని ఒక్కసారిగా దూకించడం) రేసులూ కాదు, బేస్‌మెంట్ ర్యాంపులు. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసు టవర్లలో సాయంత్రం ఒకేసారి అందరూ దిగుతారు. మూడో బేస్‌మెంట్ నుంచి పైదాకా బంపర్‌కు బంపర్ ఆనించినట్టు క్యూ. వెనక బండి అంగుళం దూరంలో ఉంటుంది కాబట్టి ఎవరికైనా టెన్షనే. బ్రేక్ వదిలితే వెనక్కి జారుతుందని హాఫ్ క్లచ్ మీద, యాక్సిలరేటర్ కొంచెం తొక్కి, బండిని వాలు మీద అలాగే నిలబెడతారు.

చిన్న లెక్క చూడండి. మనిషితో కలిపి 1,300 కిలోల బండి. ఎనిమిది అడుగులకు ఒక అడుగు లేచే ర్యాంపు. ఫస్ట్ గేర్‌లో బండిని కదలకుండా క్లచ్‌తోనే ఆపాలంటే క్లచ్ దాదాపు 35 న్యూటన్ మీటర్ల టార్క్ మోయాలి. ఇంజిన్ 2,000 ఆర్‌పీఎంలో తిరుగుతోంది, చక్రాలు తిరగడం లేదు. అంటే ఆ శక్తంతా, 7 కిలోవాట్ల పైచిలుకు, ప్లేట్‌కూ ఫ్లైవీల్‌కూ (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) మధ్య వేడిగా మారుతోంది. మన బాత్రూమ్ గీజర్ 2 కిలోవాట్లు. అలాంటివి మూడున్నర గీజర్లను గాలి ఆడని ఇనప డబ్బాలో పెట్టి ఒకేసారి ఆన్ చేసినట్టు. ముందు బండి కదిలేదాకా, ఒక నిమిషం. వాసన రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

స్పోర్ట్స్ కారుకు ఇది ఇంకా ఎక్కువ. కొన్నిట్లో ఫస్ట్ గేరే పొడుగు, అందులోనే 60, 70 కిలోమీటర్ల వేగం అందుకుంటాయి. అలాంటి బండి పాకుతూ వెళ్లాలంటే క్లచ్ ఎక్కువసేపు జారాల్సిందే. రివర్స్‌లో ర్యాంప్ ఎక్కించి పార్క్ చేసేవాళ్లదీ అదే పరిస్థితి, పైగా మెడ తిప్పి చూస్తూ యాక్సిలరేటర్ ఎంత తొక్కుతున్నామో గమనించరు.

కాబట్టి వాసన ర్యాంప్ మీదో, జూబ్లీహిల్స్ ఎత్తుల్లో సిగ్నల్ దగ్గరో వచ్చి, సాఫీ రోడ్డెక్కాక తగ్గిపోయి, మర్నాటికి పూర్తిగా పోతే మీ క్లచ్‌కు జబ్బేమీ లేదు. లైనింగ్ పైపొర కాస్త మాడింది, అంతే. నడిపే పద్ధతి మార్చుకోండి. వాలు మీద హ్యాండ్‌బ్రేక్ వేసి, పాదం పూర్తిగా తీసేసి ఆగండి. ముందు బండి రెండు మూడు కారుల దూరం పోయాక ఒక్కసారిగా కదలండి. వెనకవాడు హారన్ కొడతాడు. కొట్టుకోనివ్వండి, క్లచ్ డబ్బులు అతను ఇవ్వడు.

ర్యాంపూ లేక, ట్రాఫిక్కూ లేక ఖాళీ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఐదో గేర్‌లో పోతుంటే వాసన వచ్చిందంటే కథ వేరు. గేర్‌లో నిలకడగా పోతున్నప్పుడు క్లచ్ అసలు జారకూడదు. అప్పుడు పరీక్ష చేయాల్సిందే.

ఇంట్లోంచి బయటికి రాగానే చేయదగ్గ పరీక్షలు

నేను బాగా నమ్మేది నాలుగో గేర్ పరీక్ష. తెల్లారకముందే నార్సింగి వైపు సర్వీస్ రోడ్డులో ఖాళీ చోటు చూసుకోండి (ఆ పక్కనే సైకిల్ ట్రాక్ ఉంది, తెల్లవారితే సైకిళ్లవాళ్లు వస్తుంటారు, జాగ్రత్త). ఇంజిన్ బాగా వేడెక్కాక నాలుగో గేర్‌లో 2,000 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు, స్పీడు కలిసి పెరగాలి. ముల్లు ఒక్కసారిగా ఐదారు వందలు ఎగిరి, స్పీడు వెనకబడి, తర్వాత ముల్లు మెల్లగా దిగివస్తే ప్లేట్ జారుతోంది. టర్బో బళ్లలో టార్క్ మొత్తం 2,000 చుట్టుపక్కలే దొరుకుతుంది కాబట్టి రోగం అక్కడే బయటపడుతుంది. నాలుగులో ఏమీ కనిపించకపోతే ఐదులో ఒకసారి చూడండి. అంతకుమించి వద్దు, జారే ప్లేట్‌కు ప్రతి పరీక్షా ఇంకో వాత.

హ్యాండ్‌బ్రేక్ వేసి, మూడో గేర్‌లో క్లచ్ వదిలితే ఇంజిన్ ఆగిపోవాలి అనే పరీక్ష చాలామంది చెప్తారు. ఆగకపోతే ప్లేట్ అయిపోయినట్టే, నిజమే. కానీ అది బాగా అరిగిన క్లచ్‌నే పట్టుకుంటుంది, మొదట్లో ఉన్న జారుడును పట్టుకోలేదు. నేను దాన్ని ఎక్కువగా వాడను.

క్లచ్ పూర్తిగా పట్టకపోవడం ఒక జబ్బు అయితే, పూర్తిగా వదలకపోవడం ఇంకోటి. అదీ వేడి పుట్టిస్తుంది. బండి నిలబెట్టి, ఐడిలింగ్‌లో క్లచ్ అడుగుదాకా తొక్కి, మూడు నాలుగు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. గర్రుమంటే వదలడం లేదు. మెకానిక్‌కు ఫోన్ చేసే ముందు కింద మ్యాట్ తీసి మళ్లీ చూడండి. మందపాటి 7డి మ్యాట్లు పెడల్‌ను కింది దాకా వెళ్లనివ్వవు. మ్యాట్ తీయగానే నయమైన "గేర్‌బాక్స్ జబ్బులు" నా దగ్గరికి చాలానే వచ్చాయి.

పెడల్, ఆయిల్

క్లచ్ పెడల్ రబ్బరు అరిగి నున్నగా మెరుస్తూ, బ్రేక్ పెడల్ రబ్బరు కొత్తగా ఉంటే, ఎడమ కాలు ఎప్పుడూ క్లచ్ మీదే ఉంటోందని అర్థం. పాదం బరువు చాలు, క్లచ్ ప్లేట్‌ను ఫ్లైవీల్‌కు అదిమిపట్టే ప్రెషర్ ప్లేట్ పట్టు తగ్గడానికి. పక్కనే డెడ్ పెడల్ ఉంది, కాలు అక్కడ పెట్టండి.

కేబుల్ క్లచ్ అయితే పెడల్‌కు పైన కొంచెం ఖాళీ ఆట ఉండాలి. అది లేకపోతే కేబుల్ బిగుతు ఎక్కువై ప్లేట్ సగం వదిలినట్టే ఉంటుంది. అడ్జస్ట్‌మెంట్‌తో పోతుంది. హైడ్రాలిక్ అయితే చాలా బళ్లలో క్లచ్, బ్రేక్ రెండింటికీ ఒకటే ఫ్లూయిడ్ డబ్బా. బ్రేక్ ప్యాడ్లు అరిగితే లెవెల్ తగ్గడం సహజం. క్లచ్ అరిగితే మాత్రం తగ్గదు. కాబట్టి ప్యాడ్లు బాగానే ఉండి లెవెల్ తగ్గుతుంటే ఎక్కడో కారుతోంది. పెడల్ దగ్గర కార్పెట్ తడిగా ఉందేమో, గేర్‌బాక్స్ బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉంచే డబ్బా) అడుగున చుక్కలు ఉన్నాయేమో చూడండి. బెల్ హౌసింగ్ కింద కనిపించేది ఇంజిన్ ఆయిల్ రంగులో ఉంటే క్రాంక్ వెనక సీల్ (ఇంజిన్ ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు) లీకవుతోంది. ఆ ఆయిల్ ప్లేట్ మీద పడితే కొత్త క్లచ్ అయినా జారుతుంది.

రీమ్యాప్ చేయించారా?

ఈ ప్రశ్నకు నిజం చెప్పాలి, డాక్టర్ దగ్గర దాచకూడదు. 1.5 టీఎస్ఐ వర్టస్ జీటీ కంపెనీ నుంచి 150 పీఎస్, 250 న్యూటన్ మీటర్లతో వస్తుంది. రీమ్యాప్‌లో, అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి, టార్క్ 300 దాటిస్తారు. క్లచ్ మాత్రం పాతదే. కొత్తలో ఉన్న మిగులు పట్టుతో కొన్నాళ్లు నెట్టుకొస్తుంది, కొంచెం అరగగానే పై గేర్లలో ముల్లు ఎగరడం మొదలవుతుంది. ఈ కేసులో స్టాక్ (కంపెనీ) ప్లేటే మళ్లీ వేయమంటే నేను వద్దంటాను. టార్క్ తగ్గించుకోండి, లేదా ఆ టార్క్‌కు తగ్గ క్లచ్ వేయించుకోండి.

వాసన వచ్చిన ఆ నిమిషంలో

రోడ్డు ఖాళీగా ఉంటే ఆపకండి. రెండో గేర్‌లోనో మూడో గేర్‌లోనో, క్లచ్ ముట్టుకోకుండా నిలకడగా పోనివ్వండి, గాలికి చల్లబడుతుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే పక్కకు తీసి, న్యూట్రల్ చేసి, పెడల్ మీంచి కాలు తీసేసి పావుగంట, ఇరవై నిమిషాలు ఆగండి. పొగ కనిపిస్తే ఇంజిన్ ఆపేయండి. నీళ్లు మాత్రం పోయొద్దు, వేడి ఇనుము మీద నీళ్లు పడితే పగుళ్లొస్తాయి.

దించాల్సి వస్తే

ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే ప్రెషర్ ప్లేట్‌ను నెట్టేది) మూడూ కలిపి మార్పించండి. బేరింగ్ ఒక్కటి వదిలేస్తే అది పోయినప్పుడు మళ్లీ అదే కూలీ. ఫ్లైవీల్ దగ్గర మీరు నిలబడి చూడండి. నీలం మచ్చలుంటే బాగా వేడెక్కింది. మామూలు ఫ్లైవీల్ అయితే లేత్ మీద పలచగా కోయించొచ్చు. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (మధ్యలో స్ప్రింగులతో రెండు ముక్కలుగా ఉండేది) అయితే కోయించొద్దు, దాని ఆట కొలిచి బాగుంటే ఉంచాలి, లేకుంటే మార్చాలి. క్రాంక్ వెనక సీల్ ఎలాగూ బయటపడి ఉంటుంది కాబట్టి అప్పుడే చూసుకోవాలి. పాత ప్లేట్ అడిగి తీసుకోండి. రివెట్ల దాకా అరిగిందా, గాజులా నున్నబడిందా, ఆయిల్ మరకలున్నాయా అన్నది దాని మొహం మీదే ఉంటుంది.

కొత్త ప్లేట్ వేశాక మొదటి 500 కిలోమీటర్లు సిటీలో మామూలుగా నడపండి. ఆ కాలంలో కొంచెం వాసన రావచ్చు, భయపడొద్దు. లాంచ్‌లు, నిండు యాక్సిలరేటర్ అప్పటిదాకా వాయిదా వేయండి. 500 దాటాక నాలుగో గేర్ పరీక్ష మళ్లీ ఒకసారి చేసి చూడండి.