పాత అంబాసిడర్ లోపలి పని ఇంటి దగ్గరే చేసుకోవడం ఎలా

కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాల్లో పాత కారు లోపలి భాగం తేమ కంటే ఎండకే ఎక్కువగా పాడవుతుంది. రెగ్జిన్ అంటే గుడ్డ మీద పి.వి.సి. పూత పూసిన సరుకు. ఆ పూతను మెత్తగా ఉంచే రసాయనాలు వేడికి ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా ఆవిరైపోతాయి కాబట్టి రెగ్జిన్ ముందు గట్టిపడుతుంది, తర్వాత కుట్టు వెంబడి చిట్లుతుంది, ఆ చిట్లిన చోటి నుంచి ఎర్రమట్టి దుమ్ము లోపలికి దిగి కొబ్బరిపీచు దిండును పొడి చేస్తుంది. పైకప్పు లైనింగు జారి తలకు తగలడం, డోర్ ప్యాడ్లు, అంటే తలుపుల లోపలి వైపు రెగ్జిన్ తొడిగిన అట్టలు, వంకరపోవడం కూడా చాలావరకు ఈ ఎండ పనే. కొనే సరుకు, పనికి పెట్టుకునే కాలం, పగలు పని చేసే వేళ, అన్నీ దీన్ని బట్టే నిర్ణయించుకోవాలి.

ఇక్కడ ఉదాహరణగా అంబాసిడర్‌ను తీసుకుంటున్నాను. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా హిందూస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారుచేసిన ఈ కారు 2014 దాకా వచ్చింది కాబట్టి మన జిల్లాల్లో ఇంకా చాలా ఇళ్ళ ముందు కనిపిస్తుంది. ఫియట్ 1100 నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మినికీ ఈ పద్ధతే దాదాపు సరిపోతుంది. రెండింటి పాత మోడళ్ళలోనూ గేరు స్టీరింగ్ పక్కనే ఉంటుంది, ముందు సీటు ఒకే బెంచీగా ఉంటుంది, సీటు లోపల ఉక్కు స్ప్రింగులు, వాటి మీద గోనెపట్ట, ఆపైన కొబ్బరిపీచు ఉంటాయి.

చాలామంది సీట్లతో మొదలుపెడతారు. కంటికి ముందు కనిపించేవి అవే కాబట్టి అది సహజమే, కానీ ఆ వరుస తప్పు. నీళ్ళు ఎక్కడి నుంచి దిగుతున్నాయో ముందు కనిపెట్టాలి, తర్వాత నేల తుప్పు, ఆ తర్వాత వైరింగు, అటుపైన పైకప్పు లైనింగు, తలుపులు, అన్నీ అయ్యాక సీట్లు, చివరికి నేల మీది మ్యాట్లు. కొత్త సీట్లు బిగించిన తర్వాత పైకప్పు పనికి దిగితే గమ్ చుక్కలన్నీ వాటి మీదే పడతాయి. వైరింగు చూసుకోకుండా లైనింగు బిగిస్తే లోపలి దీపం వెలగని రోజున దాన్ని మళ్ళీ ఊడదీయాలి.

విప్పే ముందు బ్యాటరీ తీగలు రెండూ తీసేయండి. ప్రతి భాగాన్నీ ఫోనులో ఫొటో తీసుకోండి, దగ్గరగా ఒకటి, కాస్త దూరంగా ఒకటి. ఏ భాగం స్క్రూలు ఆ భాగం పేరు రాసిన కవరులోనే వేయాలి. వెనుక సీటు కింది దిండు సాధారణంగా బోల్టులు లేకుండానే కూర్చుని ఉంటుంది, ముందు అంచు పట్టి పైకి లేపితే వచ్చేస్తుంది. ముందు బెంచీ పట్టాల బోల్టులు మాత్రం తుప్పు పట్టి ఉంటాయి. వాటికి ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచితే తెల్లారేసరికి చాలావరకు మాట వింటాయి, బలవంతం చేస్తే బోల్టు తల తెగి నేల రేకు కోసుకోవలసి వస్తుంది.

సీట్లు బయటికి వచ్చాక ఒకరు టార్చి పట్టుకుని లోపల కూర్చోవాలి, ఇంకొకరు బయట నుంచి పైపుతో అద్దాల రబ్బర్ల మీద, తలుపుల అంచుల మీద నెమ్మదిగా నీళ్ళు పోయాలి. మన దగ్గర వానలు తక్కువ కాబట్టి కారు కారడం ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియదు, సెప్టెంబరు అక్టోబరు నెలల్లో నాలుగు గట్టి వానలు పడితే మాత్రం నీళ్ళన్నీ మ్యాటు కింద చేరి అక్కడే నిలిచిపోతాయి. కారుతున్న రబ్బరు మార్చాక నేల రేకును స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూడండి. మొన లోపలికి దిగిపోతే అది టింకరింగ్ షాపులో కొత్త రేకు వేయించవలసిన చోటు. పైపై తుప్పు అయితే వైరు బ్రష్షుతో గీకి, తుప్పును ఆపే రెడ్ ఆక్సైడ్ ప్రైమరు రెండు పూతలు కొట్టి, ఆరాక నల్ల ఎనామిల్ రంగు వేస్తే సరిపోతుంది. తీగలు దూరే రంధ్రాలకు రబ్బరు గ్రొమెట్లు, అంటే రంధ్రం అంచుకు తొడిగే ఉంగరాలు, లేకపోతే ఇప్పుడే పెట్టాలి, ఎలుకలు వచ్చే దారి అదే.

పైకప్పు లైనింగు ఈ పని మొత్తంలో కష్టమైనది, ఓపికను బట్టి ఫలితం ఇచ్చేది. లైనింగు గుడ్డకు అడ్డంగా కుట్టిన గొట్టాల్లాంటి మడతల్లో సన్నని ఉక్కు కమ్మీలు దూర్చి ఉంటాయి, అవి రెండు పక్కలా పైకప్పు అంచుల్లో ఇరుక్కుని గుడ్డను నిలబెడతాయి. కమ్మీల పొడవు, వంపు ఒకదానికొకటి తేడాగా ఉంటాయి కాబట్టి ముందు నుంచి వెనక్కి 1, 2, 3 అని టేపు అంటించి నంబర్లు వేసుకున్న తర్వాతే తీయాలి. పాత లైనింగు ఎంత చిరిగినా పారేయకూడదు. కుట్లు విప్పి, ముక్కలను నేల మీద పరిచి, వాటి మీదుగా కొత్త గుడ్డ కోసుకోవాలి. పాతది కొంత కుంచించుకుపోయి ఉంటుంది కాబట్టి చుట్టూ మూడు అంగుళాలు ఎక్కువ ఉంచుకోండి, మిగిలింది చివర్లో కోసేయవచ్చు.

లైనింగు ఎక్కించే ముందు పైకప్పు రేకు లోపలి వైపు వేడిని ఆపే ఫోము షీటు అంటించడం మన ప్రాంతంలో తప్పనిసరి అనే నా అభిప్రాయం. కారు తయారైనప్పుడు అలాంటిది లేకపోవచ్చు, అయినా లైనింగు వెనుక దాగిపోయేదే కాబట్టి పాత రూపానికి వచ్చే లోటేమీ లేదు, మే నెలలో కారెక్కినప్పుడు దాని విలువ తెలుస్తుంది. గమ్ మాత్రం వేడిని తట్టుకునే రకమే కొనాలి. మామూలు సొల్యూషన్ మొదటి వేసవికే వదిలేస్తుంది.

ఇక బిగించడం. రేకు మీద ముందు నుంచి వెనక్కి నడిమధ్యన చాక్‌పీసుతో గీత గీసి, గుడ్డ మీద కూడా మధ్య గుర్తు పెట్టుకోవాలి. మధ్య కమ్మీని మొదట నిలబెట్టి, ఆపైన ముందుకు ఒకటి, వెనక్కి ఒకటి చొప్పున మిగిలినవి నిలబెట్టాలి. తర్వాత గుడ్డను ముందు అద్దం వైపు లాగి క్లిప్పులతో పట్టించి, వెనుక అద్దం వైపు లాగి అక్కడా పట్టించి, చివరికి రెండు పక్కలా అరచేతి వెడల్పు చొప్పున లాగుతూ రావాలి. ఒక పక్క పూర్తిగా బిగించేసి రెండో పక్కకు వెళ్తే కుట్లన్నీ వంకర పోతాయి. ముడతలు పోయాయని నమ్మకం కుదిరేదాకా గమ్ ముట్టుకోవద్దు. అప్పటిదాకా అంతా క్లిప్పుల మీదే నిలవాలి. అద్దాల దగ్గర గుడ్డ అంచు రబ్బరు కింద దాగాలి కాబట్టి రబ్బర్లు మార్చే ఆలోచన ఉంటే అద్దాలు బయట ఉన్నప్పుడే ఈ పని చేసుకోవడం తెలివి.

గమ్ గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. రెండు వైపులా పలుచగా పూసి, చేతికి అంటీ అంటనట్టు ఆరాక అతికించే రకం గమ్‌కు డబ్బా మీద సాధారణంగా పది పదిహేను నిమిషాలు ఆరనివ్వమని రాసి ఉంటుంది. ఏప్రిల్ మధ్యాహ్నం కర్నూలులో అంత సమయం దొరకదు, పూసిన చివరికి వచ్చేసరికి మొదలు ఎండిపోయి ఉంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు ఉదయం పూట ఈ పని పెట్టుకుంటే గమ్ మన అదుపులో ఉంటుంది. దాని ఆవిరికి నిప్పు అంటుకుంటుంది కాబట్టి తలుపులన్నీ తెరిచి ఉంచాలి, దగ్గర్లో బీడీ సిగరెట్ కాల్చకూడదు. గమ్ మరకలనైనా, రెగ్జిన్‌నైనా పెట్రోలుతో తుడిచే అలవాటు మన మెకానిక్ షాపుల్లో ఉంది. అది పూతను తినేస్తుంది, పైగా ప్రమాదం.

డోర్ ప్యాడ్ల దగ్గర చిక్కంతా అద్దం దించే హ్యాండిల్ దగ్గరే. హ్యాండిల్ వెనుక ఉన్న గుండ్రటి బిళ్ళను బొటనవేళ్ళతో తలుపు వైపు గట్టిగా నొక్కి పట్టుకుంటే హ్యాండిల్ మెడలో అడ్డంగా ఒక సన్నని పిన్ను కనిపిస్తుంది, దాన్ని మేకుతో అవతలికి తోస్తే హ్యాండిల్ ఊడి చేతికి వస్తుంది. ఆ పిన్ను కింద పడితే దొరకదు, కింద ఒక తెల్లగుడ్డ పరవండి. కొన్నిటికి పిన్ను బదులు స్ప్రింగు క్లిప్పు ఉంటుంది. ప్యాడ్ లోపలి హార్డ్‌బోర్డు ఉబ్బి ఉంటే దాన్నే నమూనాగా పెట్టి కొత్త 3 మి.మీ. హార్డ్‌బోర్డు కోయించండి, క్లిప్పు రంధ్రాలు పాతదాని మీదుగానే గుర్తు పెట్టండి. కొత్త బోర్డు వెనుక వైపు, అంచులతో సహా, ఎనామిల్ కొట్టి ఆరనిచ్చాకే రెగ్జిన్ అతికించాలి. అతికించిన ప్యాడ్‌ను వంకర పోకుండా ఒక రాత్రంతా అణచి ఉంచడానికి మనకు వేరే ఏర్పాటు అక్కర్లేదు, రెండు కడప బండల మధ్య పెడితే చాలు. తలుపు రేకుకూ ప్యాడ్‌కూ మధ్య పాలిథీన్ షీటు అంటించడం మరవకండి.

సీట్ల పనికి వచ్చేసరికి రెగ్జిన్ కొనడం ముందున్న ప్రశ్న. థానులో వెడల్పు సాధారణంగా 54 అంగుళాలు ఉంటుంది. పాత కవర్ల ముక్కలను ఆ వెడల్పులో నేల మీద పేర్చి కొలిచి, ఆ పొడవుకు ఏడో వంతు అదనంగా కలుపుకుని, అంతా ఒకే థాను నుంచి తీసుకోండి. అదే నంబరు రంగైనా వేరే థానులో కొంచెం తేడా వస్తుంది, ఎండలో అది ఇంకా బయటపడుతుంది. ముదురు రంగు కంటే లేత బూడిద, గోధుమ వన్నెలే ఇక్కడ మేలు, నల్ల రెగ్జిన్ మీద మధ్యాహ్నం కూర్చోలేము. పాత విడిభాగాలు, పాత రకం సరుకు కోసం అనంతపురం వాళ్ళకు బెంగళూరు జె.సి. రోడ్డు, కర్నూలు వాళ్ళకు హైదరాబాదు రాణిగంజ్, కడప వాళ్ళకు చెన్నై పుదుపేట అనువు.

కవరు విప్పేటప్పుడు ప్రతి ముక్క వెనుకా దాని పేరు, పైవైపు చూపే బాణం గుర్తు పెన్నుతో రాయండి, పక్క ముక్కతో కలిసే చోట అడ్డగీతలు పెట్టండి. రెండు సీట్లూ ఒకేసారి విప్పవద్దు, ఒకటి కుట్టేదాకా రెండోది చూసుకోవడానికి అలాగే ఉండాలి. కింద స్ప్రింగులు విరిగినవి ఉంటే మార్చి, వదులైనవి పురికొసతో ఒకదానికొకటి కట్టి, మీద కొత్త గోనెపట్ట కుట్టండి. కొబ్బరిపీచు మొత్తం తీసేసి ఫోము పెట్టేయమని షాపులో చెబుతారు. పీచు గాలి ఆడనిస్తుంది, బరువును స్ప్రింగుల మీద సమంగా పరుస్తుంది. ఒట్టి ఫోమును స్ప్రింగుల మీద పెడితే అది కొన్నాళ్ళకే కోసుకుపోతుంది. కొత్త పీచు దిండు వేసి, దాని మీద 40 డెన్సిటీ ఫోము ఒక అంగుళం పరిస్తే పాత కూర్పూ నిలుస్తుంది, ఒళ్ళూ నొప్పి పుట్టదు.

ఇంట్లోని కుట్టుమిషను రెండు పొరల రెగ్జిన్ దాకా లాగుతుంది. పైపింగ్, అంటే అంచు కుట్టు వెంబడి ఉబ్బెత్తుగా వచ్చే గీత, ఉన్న చోట నాలుగు పొరలవుతాయి, అక్కడ మొరాయిస్తుంది. ముక్కలు కోసి, గుర్తులు పెట్టి, కుట్టు మాత్రం సీటు కవర్ల షాపులో వేయించుకోవడం నా ఉద్దేశంలో మంచి పద్ధతి. అలా ఇచ్చినా మూడు మాటలు చెప్పి ఇవ్వండి: నూలు దారం వద్దు, పాలిస్టర్ లేదా నైలాన్ వాడాలి, కుట్టు పొడవు 4 మి.మీ.కు తగ్గకూడదు, దగ్గర దగ్గరగా కుడితే సూది రంధ్రాల వెంబడే రెగ్జిన్ చినుగుతుంది. గుండుసూదులు గుచ్చకూడదు, ఆ రంధ్రం మళ్ళీ పూడదు.

కుట్టి వచ్చిన కవరును తొడిగే ముందు అరగంట ఎండలో పరవండి. చలిదేశాల్లో దీనికి వేడిగాలి మిషన్లు కొంటారు, మనకు పైనుంచే ఉచితంగా అందుతుంది. మెత్తబడిన రెగ్జిన్ మూలలకు చక్కగా సాగుతుంది. ఫోము మీద పలుచని పాలిథీన్ కవరు కప్పి తొడిగితే జారుగా దిగుతుంది, తర్వాత దాన్ని లాగేయండి. ముందు మధ్య భాగం, ఆపైన మూలలు, పైపింగ్ గీత సీటు అంచు మీద నిటారుగా ఉందో లేదో ప్రతి పట్టుకూ చూసుకుంటూ చట్రం కొక్కేలకు బిగించాలి.

స్టీరింగ్ చక్రం పగుళ్ళను కొద్దిగా వెడల్పు చేసి, ఎపాక్సీ పుట్టీ నింపి, 120, 240, 400 నంబర్ల ఎమరీ పేపరుతో వరుసగా రుద్ది రంగు కొట్టించవచ్చు. డ్యాష్‌బోర్డు మీటర్లను విప్పకుండా తడి గుడ్డతో తుడవడమే మేలు.

నేల మీద కార్పెట్ అందంగానే ఉంటుంది కానీ ఎర్రమట్టి దారుల్లో తిరిగే కారుకు రబ్బరు మ్యాటే సరి, తీసి కడుక్కోవచ్చు. కింద పరిచే ఫెల్ట్‌ను, అంటే ఒత్తిన పీచుతో చేసిన మందపాటి గుడ్డను, నేలకు అతికించకండి, ఎప్పుడైనా తడిస్తే తీసి ఆరబెట్టే వీలుండాలి. 50 ఏళ్ళు దాటిన కార్లను వింటేజ్ వాహనాలుగా రిజిస్టర్ చేసుకునే వీలును 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చారు. ఆ ఆలోచన ఉన్నవారు తీసిన పాత భాగాలనూ, పని జరిగినప్పటి ఫొటోలనూ దాచి ఉంచుకోవడం మంచిది. సీట్లు బిగించాక ముందు బెంచీని పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరిపి అది ప్రతి గాడిలోనూ గట్టిగా పడుతోందో లేదో చూడండి, నెల రోజులు నడిపిన తర్వాత ఆ బోల్టులను ఇంకోసారి బిగించండి.