జెల్ కొట్టినా వాటర్ కట్ మళ్లీ పెరుగుతోందా? ముందు పొరల సంగతి తేల్చండి

సమస్య: ఆయిల్ ఫీల్డ్‌లో ఆయిల్‌ని ప్రొడక్షన్ బావి వైపు తోయడానికి నీళ్లు ఎక్కించే ఇంజెక్షన్ బావి ఉంటుంది. అందులో నీళ్లన్నీ ఒక్క రాతి పొరలోకే పోతున్నాయని లాగ్‌లో (బావిలోకి పరికరం దింపి తీసిన కొలతల్లో) కనిపించింది, ఆ పొరకు జెల్ (నీటి దారి మూసే చిక్కటి పదార్థం) కొట్టారు, ప్రొడక్షన్ బావిలో కొన్నాళ్లు నీళ్లు తగ్గాయి, ఆ తర్వాత వాటర్ కట్ (బావి నుంచి వచ్చే ద్రవంలో నీటి వాటా) మళ్లీ పాత చోటికే వచ్చింది. జెల్ పాడైందనుకుని రెండోసారి కొట్టకండి. చాలాసార్లు అది బాగానే ఉంటుంది, నీళ్లే దాన్ని చుట్టి వెళ్తుంటాయి.

కారణం: ఒక మడికి మడవ కట్టేసి నీళ్లు పక్క మడికి పెట్టాం, కానీ రెండింటి మధ్య గట్టు నిండా ఎండ్రకాయ బొరియలే. నీళ్లు నాలుగడుగులు పోయి మనం కట్టేసిన మడిలోకే వస్తాయి కదా, భూమి కింద జరిగేదీ అదే. 1000 మిల్లీడార్సీల పొర, 100 మిల్లీడార్సీల పొర (ఈ అంకె ఎంత ఎక్కువైతే ద్రవం రాతిలో అంత సులువుగా పారుతుంది) ఆనుకుని ఉండి, మధ్యలో నీళ్లను ఆపే షేల్ రాయి లేకపోయినా, ఉన్నది అక్కడక్కడా తెగిపోయినా, బావి చుట్టూ కొన్ని అడుగులు మూస్తే ఏం లాభం? జెల్ దాటగానే నీళ్లు మళ్లీ సులువు దారి పడతాయి.

అలాగని క్రాస్‌ఫ్లో, అంటే ఇలా ఒక పొర నుంచి ఇంకో పొరలోకి నీళ్లు మళ్లడం, ఎప్పుడూ శత్రువు కాదు. ఆయిల్ పలచగా ఉండి, నీళ్లు దానికంటే తేలిగ్గా కదలని చోట అది రెండు పొరల్లో నీటి ముందంజను సమం చేసి రికవరీని (బయటికి తీయగలిగే ఆయిల్‌ని) పెంచుతుంది. ఆయిల్ చిక్కనైతే మాత్రం బిగుతు పొరలోకి పోవాల్సిన నీళ్లు కూడా వేగంగా పారే పొరలోకే మళ్లుతాయి. ఆ పొర అడుగున ఉంటే మరీ ఇబ్బంది, ఎందుకంటే నీళ్లు బరువు, కిందికే దిగుతాయి, పైన ఆయిల్ అలాగే ఉండిపోతుంది.

ఎలా తేల్చుకోవాలి: ఫీల్డ్‌లో కొన్నేళ్లు ఉత్పత్తి జరిగాక తవ్విన కొత్త బావిలో పొరపొరకూ ప్రెషర్ కొలిపించండి. లోతుకీ ప్రెషర్‌కీ గ్రాఫ్ గీసినప్పుడు పై పొర చుక్కలు ఒక గీత మీద, కింది పొర చుక్కలు పక్కకు జరిగి ఇంకో గీత మీద పడితే మధ్యలో అడ్డుగోడ ఉన్నట్టు. అన్నీ ఒకే గీత మీద ఉంటే పొరలు కలిసే ఉన్నాయని గట్టిగా అనుమానించాలి. ఫీల్డ్ కొత్తగా దొరికినప్పటి ప్రెషర్లతో ఈ పని చేయకండి, అప్పుడు విడివిడి పొరలు కూడా ఒకే గీత మీద కనిపించొచ్చు.

పరిష్కారం: అడ్డుగోడ ఉంటే జెల్, సిమెంట్, ప్యాకర్ (బావి లోపల బిగించే సీల్), ఏదైనా పనిచేస్తుంది. లేకపోతే దారి మూయడం మానేసి నీళ్లనే చిక్కబరచండి, అంటే పాలిమర్. చైనాలోని దాచింగ్ ఆయిల్ ఫీల్డ్‌లో ఆయిల్ చిక్కదనం సుమారు 9 సెంటీపాయిజ్, చాలా ఇసుకరాతి పొరల్లో అడుగుభాగమే ఎక్కువ పర్మియబుల్, అంటే ద్రవం అక్కడే సులువుగా పారుతుంది. అక్కడ 1996 నుంచి పెద్ద ఎత్తున పాలిమర్ వాడి, మామూలు వాటర్‌ఫ్లడ్‌తో (ఉత్త నీళ్లు ఎక్కిస్తే) వచ్చేదానికన్నా భూమిలోని ఆయిల్‌లో 10-12 శాతం అదనంగా తీశారు. ఉప్పునీళ్లతో కలిపితే పాలిమర్ పలచబడుతుంది కాబట్టి కలిపే నీటిని ముందే పరీక్షించండి.

ఇంజెక్ట్ చేసిన నీళ్లు రోజుల్లోనే పక్క బావిలో తేలితే మాత్రం అది పొరల గొడవ కాకపోవచ్చు, బహుశా రాతి పగులు. అలాంటి చోట జెల్‌కే నా ఓటు.