రాబెన్ ఐలాండ్‌కు పిల్లలతో వెళ్తున్నారా? వీసా ఎక్కడ ఆగుతుందో ముందే చూసుకోండి

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో పొద్దున మండేలా ఖైదీగా ఉన్న రాబెన్ ఐలాండ్ జైలు, మధ్యాహ్నం టేబుల్ మౌంటెన్ కొండ చూడటానికి ఒక్క రోజు చాలు. తిప్పలన్నీ దక్షిణాఫ్రికా వీసా దగ్గరే. విమానం టికెట్లు కొనేసుకుని, పిల్లల కాగితం ఒక్కటి సరిగ్గా లేక వీసా కౌంటర్ నుంచి వెనక్కి వచ్చిన కుటుంబాలను చూశాక ఇది రాస్తున్నాను.

పెద్దవాళ్లవి మామూలు కాగితాలే. వీసా దరఖాస్తు అయిన డీహెచ్‌ఏ-84 ఫారం నల్ల ఇంకుతో నింపాలి. పాస్‌పోర్టులో రెండు పేజీలు ఖాళీ ఉండాలి, తిరుగు ప్రయాణం తర్వాత కనీసం 30 రోజుల గడువు మిగలాలి. బ్యాంకు ముద్ర వేసిన 3 నెలల స్టేట్‌మెంట్, ఆఫీసు సెలవు లేఖ, హోటల్ బుకింగ్ జతచేయాలి. వేలిముద్రలకు వీసా దరఖాస్తు కేంద్రానికి స్వయంగా వెళ్లాలి.

ఇక పిల్లల జనన ధ్రువపత్రం. తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్న పత్రమే కావాలి. ఇంటికెళ్లి బీరువాలోంచి తీసి ఒకసారి చూడండి. మన దగ్గర చాలా పత్రాల్లో ‘శిశువు పేరు’ గడిలో చిన్న గీత మాత్రమే ఉంటుంది. బారసాల కాకముందే ఆసుపత్రి వాళ్లు వివరాలు పంపేస్తారు కదా! పుట్టిన ఊరి మున్సిపాలిటీ లేదా పంచాయతీ రికార్డులో పేరు చేర్పించాలి. తెలంగాణలో మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయంలో అడగండి. చట్టం ప్రకారం మొదటి ఏడాది ఉచితం, తర్వాత కొద్దిపాటి రుసుము. 15 ఏళ్లు దాటితే మాత్రం చిక్కే.

అమ్మ ఇంటిపేరు పత్రంలో పుట్టింటిది, పాస్‌పోర్టులో అత్తింటిది అయితే పెళ్లి సర్టిఫికెట్ కూడా పెట్టండి. అమ్మానాన్నల్లో ఒకరే తీసుకెళ్తుంటే రెండోవారి అంగీకార అఫిడవిట్, పాస్‌పోర్టు కాపీ తప్పనిసరి.

“పేరు లేకపోయినా పర్లేదు, నేను చూసుకుంటా” అనే ఏజెంటుకు డబ్బు కట్టకండి. వీసా ఇచ్చేది దక్షిణాఫ్రికా అధికారులే, మధ్యలో ఎవరికీ ఆ అధికారం లేదు. దొంగ కాగితం దొరికితే వీసా రాకపోవడంతో సరిపోదు, ఆ దేశంలో అడుగుపెట్టకుండా నిషేధం పడొచ్చు. పేరు చేర్చడం ఆలస్యమైనా కంగారు పడకండి, ప్రయాణం ఓ నెల వెనక్కి జరపడమే మేలు.

వీసా చేతికొచ్చాకే ఐలాండ్ టికెట్ కొనండి, అదీ రాబెన్ ఐలాండ్ మ్యూజియం వెబ్‌సైట్‌లోనే. తేదీ, సమయం ముందే ఖాయం చేసుకోవాలి. పడవ కేప్‌టౌన్ రేవు దగ్గరి వాటర్‌ఫ్రంట్‌లోని నెల్సన్ మండేలా గేట్‌వే నుంచి బయల్దేరుతుంది. ఐలాండ్ చూడటం, రానూపోనూ పడవ ప్రయాణం అంతా కలిపి మూడున్నర గంటలు పైనే పడుతుంది. మండేలా 27 ఏళ్ల జైలు జీవితంలో 18 ఏళ్లు ఉన్నది ఇక్కడే. జైలు చూపించేది ఒకప్పుడు అక్కడే ఖైదీలుగా ఉన్నవాళ్లు, కాబట్టి పిల్లల్ని తొందరపెట్టకండి.

టేబుల్ మౌంటెన్ మీదికి కేబుల్ కారు మాత్రం గాలి ఎక్కువైతే ఆపేస్తారు. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే పడవా ఆగుతుంది. అందుకే కేప్‌టౌన్‌లో మరో రోజు ఖాళీగా ఉంచుకోండి. కేబుల్ కారు టికెట్‌కు తొందర లేదు, ఆ రోజు గాలి ఎలా ఉందో చూసుకుని కొనుక్కోవచ్చు.