దసరా తర్వాత పైలట్లు అడుగుతారు, పీవో లేకుండా చేయి పెట్టకండి

పోయిన నెల బెంగళూరు హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో మనవాళ్ల స్టార్టప్ కంపెనీ ఒకటి మూతపడింది. ప్రొడక్ట్ బాగుంది, పిల్లలు కష్టపడేవాళ్లే, ఒక పెద్ద బహుళజాతి కంపెనీకి నెలల తరబడి పైలట్ (కొనేముందు చేసి చూపించే ట్రయల్) నడిపి అడిగిన ప్రతి మార్పూ చేసిపెట్టారు. చేతిలో పర్చేజ్ ఆర్డర్ (పీవో, అంటే కొంటామని కంపెనీ రాసిచ్చే కాగితం) మాత్రం లేదు. ఉన్నదల్లా అక్కడి మేనేజరు వాట్సాప్‌లో పెట్టిన "మీరు మొదలుపెట్టేయండి, పీవో వచ్చేస్తుంది" అన్న ఒక్క ముక్క. ఆయనకి సింగపూర్ బదిలీ అయింది. ఆ సీట్లోకి వచ్చినావిడకి ఇలాంటి పైలట్ ఒకటి ఉందనే తెలియదు.

జనవరి-డిసెంబర్ లెక్కన నడిచే కంపెనీలు వచ్చే ఏడాది బడ్జెట్లు దసరా, దీపావళి రోజుల్లోనే తేల్చుకుంటాయి, నవంబర్‌లో ఇక్కడ టెక్ సమ్మిట్ హడావుడి కూడా ఉంటుంది కాబట్టి పైలట్ చేస్తారా అన్న ఫోన్లు ఇప్పుడే ఎక్కువ. అలాంటి ఒక కంపెనీ పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో చాలాకాలం కూర్చున్నవాణ్ణి. మేనేజరు మాటకి అక్కడ విలువ లేదు. సిస్టమ్‌లో పీవో నంబర్ లేకపోతే మీరు లేనట్టే.

పొత్తు వద్దనడం లేదు. బయోన్‌టెక్ దగ్గర ఎంఆర్ఎన్ఏ విద్య ఉంది, ఫైజర్ దగ్గర పెద్ద ఎత్తున ట్రయల్స్ నడిపే బలగం, ఫ్యాక్టరీలు ఉన్నాయి, కలిశాయి కాబట్టే 2020లో అంత వేగంగా కోవిడ్ టీకా వచ్చింది. వాళ్లు పూర్తి ఒప్పందం తేలకముందే పని మొదలుపెట్టారు కదా అని వాదించేవాళ్లున్నారు. నిజమే, కానీ 2018 నుంచే ఫ్లూ టీకా మీద వాళ్లకి ఒప్పందం ఉంది, 2020 మార్చిలో కూడా ముందు ఒక ప్రాథమిక ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మనకి వాట్సాప్!

డబ్బు సంగతి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి కేంద్ర ప్రభుత్వ నమోదు) ఉన్న చిన్న సంస్థకి 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది, దాటితే ఆర్బీఐ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. రిజిస్ట్రేషన్ పని మొదలయ్యేలోపే చేయించుకోండి. అయితే ఆర్డర్ ఇచ్చారని, పని తీసుకున్నారని కాగితం చూపించలేకపోతే ఆ చట్టం ఏం చేస్తుంది? మళ్లీ పీవో దగ్గరికే వచ్చాం. ఇంకోటి, ఇన్‌వాయిస్ కొట్టారంటే డబ్బు రాకపోయినా జీఎస్టీ మీ జేబులోంచి కట్టాల్సిందే.

హక్కుల సంగతి. "ఎక్స్‌క్లూజివ్" (ఇంకెవరికీ అమ్మకూడదు) అన్న మాట కనబడితే ఆగండి. 1981లో ఐబీఎం పీసీకి డాస్ (కంప్యూటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) ఇచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ చిన్న కంపెనీయే, కానీ అదే డాస్‌ని మిగతావాళ్లకీ అమ్ముకునే హక్కు వదులుకోలేదు. తర్వాత పీసీ నకళ్లు చేసిన కంపెనీలన్నీ దాని గుమ్మం ముందుకే వచ్చాయి. పైలట్‌లో చేసిన మార్పులన్నీ మావే అని పెద్ద కంపెనీవాళ్లు ఎక్కడో వెనక పేజీలో ఒక లైను పెడతారు. కొట్టేయించండి, లేదా ఆ ఒక్క కస్టమర్ కోసం చేసిన మార్పుల వరకే ఒప్పుకోండి.

ఇక మిగతావి:

పేటెంట్ ఆలోచన ఉంటే డెమోకి ముందే ప్రొవిజనల్ (తాత్కాలిక దరఖాస్తు) ఫైల్ చేయండి, పూర్తి స్పెసిఫికేషన్‌కి 12 నెలలు టైముంటుంది.

ఫ్రీ పైలట్ చేయకండి. తక్కువైనా సరే, రేటు రాయించండి. డబ్బు పెట్టినవాడే రిజల్ట్ చూస్తాడు.

పీవో బెంగళూరు సంస్థ పేరు మీద వస్తోందా, అమెరికా మాతృసంస్థ పేరు మీదా? ముందే అడగండి. బయటి దేశంలో ఉన్నవాడికి మన 45 రోజుల రూలు చూపించి వసూలు చేయడం కష్టం.

ఒక్క మేనేజరునే నమ్ముకోకండి. ఫైనాన్స్‌లో ఒకరు, లీగల్‌లో ఒకరు మీ పేరు వినుండాలి.

వెండర్ కోడ్ (వాళ్ల సిస్టమ్‌లో సప్లయర్‌గా మీకిచ్చే నంబర్) రాలేదా, పీవో రాదు. పీవో రాలేదా, సాఫ్ట్‌వేర్ కోడ్ రాయొద్దు.

పెద్ద లోగో (పేరున్న కస్టమర్) వస్తోందని మనుషుల్ని ముందే తీసుకోవద్దు.

సోర్స్ కోడ్ ఇవ్వొద్దు.

పైలట్ గడువు అయిన రోజే యాక్సెస్ ఆపేయండి. ఇంకో రెండు వారాలు ఉంచమంటే ఆ రెండు వారాలకీ పీవో అడగండి.