తుపాను రోజులు రాకముందే సీరియల్ కన్సోల్ కీలు సరిచూసుకోండి

పోయిన వారం రాత్రి పదకొండు దాటాక విశాఖలోని మధురవాడ నుంచి ఫోను వచ్చింది. ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడు. "సర్, సర్వర్ దానంతట అదే రీబూట్ అయింది. నేను ఒక్క అక్షరమే కొట్టాను" అన్నాడు. నిజమే, ఒక్క అక్షరమే. దానికి ముందు తగిలిన కీ సంగతి అతనికి తట్టలేదు.

అతని ల్యాప్‌టాప్‌లో బ్రేక్ కీ లేదు. ఒక రౌటర్ పాస్‌వర్డ్ మార్చడానికి బ్రేక్ (సీరియల్ తీగ మీద పంపే ప్రత్యేక సంకేతం) అవసరమై, ఎప్పుడో స్క్రీన్ అనే టెర్మినల్ ప్రోగ్రాము సెట్టింగుల ఫైలులో బైండ్‌కీ ఆదేశంతో డిలీట్ కీకి బ్రేక్‌ను అంటగట్టాడు. రౌటర్ పని ఆ రోజే అయిపోయింది, ఆ వరుస మాత్రం ఫైలులో ఉండిపోయింది. మొన్న సర్వర్ సీరియల్ కన్సోల్‌లో, అంటే నెట్‌వర్క్ లేకుండా కేబుల్‌తో నేరుగా సర్వర్‌తో మాట్లాడే చోట, బ్యాకప్ అని కొట్టబోతే బీ బదులు వీ పడింది. బ్యాక్‌స్పేస్ కోసం చెయ్యి చాపితే పైనున్న డిలీట్ తగిలింది. తెర చూడకుండానే బీ కొట్టాడు. డేటాబేసును దారికి తెచ్చేసరికి తెల్లవారింది.

ఆ సీరియల్ పోర్టే లినక్స్ కన్సోల్ అయి, కెర్నెల్‌లో (లినక్స్‌కు గుండెకాయ) సీరియల్ సిస్‌ఆర్‌క్యూ, అంటే అత్యవసర ఆజ్ఞలను నేరుగా కెర్నెల్‌కు అందించే సదుపాయం, పనిచేస్తుంటే, బ్రేక్ వచ్చిన 5 సెకన్లలోపు పడిన అక్షరాన్ని కెర్నెల్ ఆజ్ఞగా తీసుకుంటుంది. మీరు లాగిన్ అయ్యారా లేదా అని చూడదు. బీ అంటే తక్షణం రీబూట్: డిస్కుకు రాయవలసినవి రాయదు, అన్‌మౌంట్ చేయదు. ఓ అంటే పవర్ ఆఫ్. ఏయే ఆజ్ఞలు చెల్లుతాయో కెర్నెల్ సిస్‌ఆర్‌క్యూ విలువ చెబుతుంది. ఉబుంటులో అది మామూలుగా 176, అంటే 128, 32, 16ల మొత్తం. రీబూట్‌కు అనుమతి ఇచ్చే ఆ 128 ఉన్నందువల్లే బీ చెల్లింది.

అందుకే చెబుతున్నాను, బ్రేక్‌ను ఒంటి కీకి కట్టవద్దు.

ఇప్పుడే ఎందుకంటే, మనకు అక్టోబరు, నవంబరు ఎలాంటివో తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక ఊళ్లో రోజుల తరబడి కరెంటూ లేదు, ఫోన్లూ లేవు. నెట్‌వర్క్ పడిపోయాక చేతిలో మిగిలేది సీరియల్ కేబులే. జనరేటర్ మోతలో, టార్చి వెలుగులో, నిద్ర లేని కళ్లతో దానిమీద టైపు చేస్తారు. అప్పుడు వేళ్లు ఎక్కడ పడతాయో మీరే ఊహించుకోండి.

కీలు మార్చవలసిన అవసరం లేదని అనను. బ్యాక్‌స్పేస్ గొడవ పాతదే: ఆ కీకి మీ టెర్మినల్ 127 అనే సంకేత సంఖ్య పంపుతుంది, అవతలి పరికరం 8 కోసం ఎదురుచూస్తుంది. మామూలు చోట తెరమీద వింత గుర్తులు కనబడి సంగతి తెలిసిపోతుంది. పాస్‌వర్డ్ దగ్గర ఏమీ కనబడదు. దిద్దామనుకుంటాం, నిజానికి ఇంకో అక్షరం కలుపుతాం. ఫెయిల్‌లాక్ (తప్పు పాస్‌వర్డ్‌లు లెక్కపెట్టి ఖాతాను మూసేది) ఉన్న యంత్రంలో అలా మూడుసార్లు తప్పితే, మామూలు సెట్టింగుల ప్రకారం ఖాతాకు 600 సెకన్ల తాళం.

ఈ మార్పు టెర్మినల్ ప్రోగ్రాములోనే చేయండి. మినీకామ్‌లో కంట్రోల్-ఏ, టీ. పికోకామ్‌లో ఓమ్యాప్‌కు డెల్‌బీఎస్. లాగిన్ అయ్యాక అయితే ఎస్‌టీటీవై ఎరేజ్ ఆదేశం చాలు. దీనికోసం కీబోర్డు అమరికనే మార్చే లోడ్‌కీస్ వాడటం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే. ఆ మార్పు మీ యంత్రంలోని వర్చువల్ కన్సోళ్లన్నిటికీ పాకుతుంది.

స్క్రీన్ వాడేవాళ్లకు ఇంకో గుంట ఉంది. అందులో కంట్రోల్-ఏ తర్వాత బీ కొడితే బ్రేక్ వెళ్తుంది. లినక్స్‌లో ఆదేశాలు కొట్టే బాష్‌లో వరుస మొదటికి వెళ్లడానికీ కంట్రోల్-ఏనే కదా! ఆ అలవాటుతో కంట్రోల్-ఏ కొట్టి, బీతో మొదలయ్యే మాట టైపు చేశారంటే బ్రేక్ పంపినట్టే. స్క్రీన్ ఆజ్ఞల కీని వేరేదానికి మార్చుకోండి. ఇక్కడ మార్చడమే మంచిది.

ఇక మిగతావి. పాస్‌వర్డ్ తప్పు పడితే బ్యాక్‌స్పేస్ జోలికి పోకండి, లినక్స్ లాగిన్ దగ్గర కంట్రోల్-యూ కొట్టి మొదటినుంచి టైపు చేయండి. తెర బిగుసుకుపోతే కేబుల్ పీకకండి, ముందు కంట్రోల్-క్యూ కొట్టండి. పొరపాటున తెరను ఆపేసే కంట్రోల్-ఎస్ పడి ఉంటుంది. మినీకామ్‌ను మైనస్ ఓ తోనే తెరవండి, లేకపోతే మోడెమ్ కోసం ఉన్న అక్షరాలు లాగిన్ దగ్గర పడతాయి. సముద్రపు గాలికి తుప్పు పట్టిన కనెక్టర్లను ఇప్పుడే మార్చండి. వదులు తీగ మీది రొద కూడా బ్రేక్‌లా కనబడగలదు. ఇతరుల ల్యాప్‌టాప్‌తో సర్వర్ కన్సోల్ తెరవకండి. బ్రేక్‌ను ఒంటి కీకి కట్టవద్దు. ఎఫ్5కు వద్దు. ఇన్సర్ట్‌కు వద్దు. ఎవరూ వాడరు కదా అని స్క్రోల్ లాక్‌కూ వద్దు. అవసరమైన రోజున మినీకామ్‌లో కంట్రోల్-ఏ, ఎఫ్ అని రెండు దెబ్బలు కొట్టండి, వేళ్లు అరిగిపోవు.

మా కుర్రవాడు ఆ వరుస తీసేశాడు. కానీ అతని సెట్టింగుల ఫైలును ఎంతమంది కాపీ చేసుకున్నారో అతనికే గుర్తు లేదు. మీ ఫైలు తెరిచి, బైండ్‌కీ అన్న మాట కోసం వెతకండి.