విస్ మూట్‌కి దిగేవాళ్లు ముందు ఒక రొయ్యల కాంట్రాక్టు రాయండి

రాజమండ్రి, కాకినాడ, భీమవరం వైపు లా చదివే పిల్లలు విస్ మూట్ పేరెత్తగానే "అది నేషనల్ లా స్కూళ్ల వాళ్లదండీ, మనకెందుకు" అని పక్కన పెట్టేస్తుంటారు. ఎందుకు పెట్టేయాలో నాకైతే అర్థం కాదు. లా విద్యార్థులు ఒక ఊహా కేసుని ఆర్బిట్రేటర్ల ముందు వాదించే అంతర్జాతీయ పోటీ ఇది, 1994 నుంచి వియన్నాలో జరుగుతోంది. ఇందులో ప్రతి ఏటా ఇచ్చేది దాదాపు ఒకే తరహా తగాదా: ఒక దేశం కంపెనీ సరుకు అమ్మింది, ఇంకో దేశం కంపెనీ కొంది, మధ్యలో ఏదో చెడింది, కాంట్రాక్టులో ఆర్బిట్రేషన్ క్లాజు ఉంది, అంటే గొడవొస్తే కోర్టుకి కాకుండా మధ్యవర్తుల దగ్గర తేల్చుకోవాలన్న షరతు. రొయ్యల చెరువు గట్ల మీద కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) దగ్గరా, రేటు దగ్గరా ఏజెంట్‌తో గొడవలు చూస్తూ పెరిగినవాళ్లకి ఇందులో కొత్తేముంది?

ముందు తేదీలు. అక్టోబరు మొదట్లో ప్రాబ్లమ్, అంటే ఆ ఏటి ఊహా కేసు, విడుదలవుతుంది, డిసెంబరులో క్లెయిమెంట్ (కేసు వేసినవాడు) తరఫు మెమోరాండం, అంటే రాతపూర్వక వాదన, పంపాలి, జనవరిలో రెస్పాండెంట్ (జవాబు చెప్పుకునేవాడు) తరఫుది, ఈస్టర్‌కి ముందు వియన్నాలో వాదనలు. హాంకాంగ్‌లో జరిగే విస్ ఈస్ట్ దానికన్నా కాస్త ముందే అయిపోతుంది. ఇక్కడ మనవాళ్లకి అసలు గండం జనవరి. రెస్పాండెంట్ మెమో అంటే వేరే దేశం జట్టెవరో రాసిన క్లెయిమెంట్ మెమో మన చేతికొస్తుంది, దానికి పాయింటు పాయింటుకీ జవాబివ్వాలి, సరిగ్గా అప్పుడే సంక్రాంతి, ఇంటినిండా చుట్టాలు, బరుల దగ్గర స్నేహితులు. భోగికి ముందే మొదటి డ్రాఫ్ట్ అయిపోవాలని జట్టంతా కూర్చుని ఒప్పందం చేసుకోండి, లేకపోతే కనుమ దాటాక లాప్‌టాప్ తెరిచేవాడు ఒక్కడే మిగులుతాడు.

ప్రాబ్లమ్ రాకముందు, ఆగస్టు, సెప్టెంబరుల్లో చేయాల్సిన పని ఒకటుంది. ఒక పేజీ కాంట్రాక్టు మీరే రాయండి. భీమవరంలో ప్రాసెసింగ్ ప్లాంటు, హాంబర్గ్‌లో కొనేవాడు, ఒక కంటైనర్ తల తీసిన వెనామీ రొయ్య, కౌంట్ ఇంత, ధర ఇంత. సరుకు దిగాక అక్కడి ల్యాబ్‌లో నైట్రోఫ్యూరాన్ అనే యాంటీబయాటిక్ మందు అవశేషాలు బయటపడ్డాయి, కొనేవాడు డబ్బు కట్టనన్నాడు. ఇప్పుడు మొదటి ప్రశ్న: ఏ చట్టం? పోటీలో ఎప్పుడూ వచ్చే 1980 నాటి అంతర్జాతీయ సరుకుల అమ్మకాల ఒప్పందం, అందరూ సీఐఎస్‌జీ అనేది, అందులో మన దేశం సభ్యురాలు కాదు. అయినా ఆ కాంట్రాక్టుకి జర్మన్ చట్టం వర్తిస్తుందని రాసుకుంటే, జర్మనీ సభ్య దేశం కాబట్టి ఆ ఒప్పందంలోని ఆర్టికల్ 1(1)(బి) దారిలో సీఐఎస్‌జీ వచ్చి కూర్చుంటుంది. ఇది తేల్చడానికే జట్టులో ఒక సాయంత్రం గడిచిపోతుంది, గడవనివ్వండి.

తర్వాత సీఐఎస్‌జీ ఆర్టికల్ 35, సరుకు ఒప్పందానికి తగ్గట్టు ఉందా లేదా. 38, కొనేవాడు ఎంత త్వరగా పరీక్షించాలి. 39, లోపం ఉందని ఎంతలోగా చెప్పాలి. సహేతుకమైన సమయం అంటుంది, ఎంత ఆలస్యమైనా రెండేళ్లు దాటకూడదు. ఈ మూడూ వస్తే సగం ప్రాబ్లమ్ కళ్లకి కనపడుతుంది. దీనికి తోడు జర్మనీ సుప్రీం కోర్టు 1995లో తేల్చిన న్యూజీలాండ్ ఆల్చిప్పల కేసు చదవండి. ఆల్చిప్పల్లో కాడ్మియం ఉంది, కొనేవాడి దేశపు ప్రమాణం మించింది, అయినా ఆ దేశపు నిబంధనలన్నీ అమ్మేవాడు తెలుసుకుని తీరాలని లేదని కోర్టు అంది. అబ్బ, మన ప్లాంటు గెలిచినట్టే అనుకుంటారు. ఆగండి. అదే తీర్పులో మినహాయింపులున్నాయి, అమ్మేవాడి దేశంలోనూ అదే నిబంధన ఉంటే ఆ వాదన నిలవదు. రొయ్యల సాగులో నైట్రోఫ్యూరాన్ మన దగ్గరా నిషేధమే. కాబట్టి ఆ మందు తీసేసి, మన దగ్గర అభ్యంతరం లేనిదీ అక్కడ నిషేధం ఉన్నదీ ఏదైనా ఊహించి పెట్టుకుని, మళ్లీ మొదటినుంచి వాదించండి. వాస్తవం ఒక్కటి మారితే కేసు ఎటు తిరుగుతుందో అప్పుడు తెలుస్తుంది. ఉదయం ప్లాంటు తరఫున మాట్లాడినవాడే సాయంత్రం హాంబర్గ్ తరఫున మాట్లాడాలి, ఎందుకంటే వియన్నాలో ప్రతి జట్టూ మొదటి నాలుగు రౌండ్లలో రెండు క్లెయిమెంట్‌గా, రెండు రెస్పాండెంట్‌గా వాదిస్తుంది.

ఆర్బిట్రేషన్ భాగానికి భయపడక్కర్లేదు. ప్రాబ్లమ్‌లో విచారణ సాధారణంగా డనూబియా అనే ఊహా దేశంలో జరుగుతుంది, అక్కడి చట్టం యూఎన్‌సిట్రాల్ మోడల్ లా, అంటే దేశాలు తమ ఆర్బిట్రేషన్ చట్టాలకి నమూనాగా వాడుకోవడానికి ఐక్యరాజ్యసమితి సంస్థ తయారుచేసినది. మన 1996 ఆర్బిట్రేషన్ చట్టం కూడా దాన్నే ఆధారం చేసుకుంది, సెక్షన్ 16 (తమకి విచారణాధికారం ఉందో లేదో ఆర్బిట్రేటర్లే తేల్చడం), సెక్షన్ 34 (అవార్డుని కోర్టులో రద్దు చేయించుకోవడం) నంబర్లతో సహా కలుస్తాయి. మీ సెమిస్టర్ నోట్స్ పారేయకండి. ఆర్బిట్రేషన్ సంస్థ నిబంధనలు మాత్రం ఏటా మారతాయి, అవి కొత్తగా చదవాల్సిందే.

మెమో 35 పేజీలు మించకూడదన్నది అలవాటైన రూలు, ఆ ఏటి నియమాలు ఒకసారి సరిచూసుకోండి. రాయడం పూర్తిగా విద్యార్థుల పనే, సార్లు దారి చూపొచ్చు గానీ కలం పట్టకూడదు.

వాదనలో జట్టుకి అరగంట, ఇద్దరు మాట్లాడతారు. ఎదురుగా కూర్చునేది ముగ్గురు ఆర్బిట్రేటర్లు, కోర్టు కాదు గనక మై లార్డ్, యువర్ ఆనర్ అనే అలవాటు ఇంటి దగ్గరే మానేయండి. ముగ్గురిలో అధ్యక్షత వహించేవాళ్లని మేడమ్ ప్రెసిడెంట్, మిస్టర్ ప్రెసిడెంట్ అంటే చాలు. ప్రశ్న అడిగితే ముందు అవునో కాదో చెప్పి, తర్వాత కారణం చెప్పండి, మనం గోదారోళ్లం కదా, ఉపోద్ఘాతం లేకుండా నోరు తెరవం, అక్కడ అది మార్కులు తినేస్తుంది. ఇంగ్లీషు టెన్షన్ ఉంటే వాదన మొత్తం ముందు తెలుగులో మాట్లాడి చూడండి. తెలుగులో కూడా తడబడితే భాష తప్పేం లేదు, పాయింటే ఇంకా కుదరలేదన్నమాట.

డబ్బు, వీసా, అటెండెన్స్ మిగిలాయి. షెంగెన్ వీసాకి అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పట్టొచ్చు, టికెట్లకన్నా ముందు దాని సంగతి చూడండి. కాలేజీ ఖర్చంతా పెట్టదు. కాకినాడ, భీమవరం వైపు ఎగుమతి వ్యాపారస్తుల్ని కలవండి, మీరు చదివే కేసు వాళ్ల బతుకే కాబట్టి ఆసక్తిగా వింటారు, మాటల్లో ఒక పాత కాంట్రాక్టు చూపించినా మీకు లాభమే. బార్ కౌన్సిల్ నిబంధన ప్రకారం 70 శాతం హాజరు ఉండాలి కాబట్టి, ప్రిన్సిపాల్ దగ్గర అనుమతి నోటిమాటగా కాకుండా కాగితం మీద అక్టోబరులోనే తీసుకోండి.