సూదిలో దారం ఎక్కిన చోటే కుర్చీ వెయ్యండి

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడిలో మాది పాత పెంకుటిల్లు. వీధిలో అరుగు, దాని వెనక ముందుగది, నడిమిల్లు, వంటిల్లు, చివర పెరడు. రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. అటూ ఇటూ గోడలు పక్కవాళ్ళతో ఉమ్మడి, కాబట్టి కిటికీ పెట్టుకునే వీలు లేదు. ముందుగదిలో నా కుట్టుమిషను. ముప్ఫయ్యేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. ఒడియా ఆడపిల్లలు మావుసీ అంటారు, తెలుగు పిల్లలు పిన్నీ అంటారు. పండగ ముందురోజు గుడ్డ పట్టుకురావడంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే భాష.

ఇలాంటి ఇంట్లో కూర్చుని చదువుకునే మూల ఒకటి అమర్చుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది. రెండేళ్ళు తప్పులకే సరిపోయాయి. అవి నేను చేసేశాను కాబట్టి మీకు ఒక ఆదివారం చాలు.

అందరూ చేసే తప్పే నేనూ చేశాను. చోటు చూసుకోకుండా ముందు ఆసనం కొన్నాను. మా అమ్మాయి ఫోన్లో బొమ్మ చూపించి బీన్ బ్యాగు తెప్పించింది. కూర్చున్నప్పుడు బాగానే ఉంది. పది పేజీలయ్యాక నడుం ఎక్కడుందో తెలీలేదు, లేవడానికి మా ఆయన చెయ్యి అందించాల్సి వచ్చింది. ఇప్పుడది పిల్లి సొత్తు.

చోటు ఎలా వెతకాలో నాకు సూదే చెప్పింది. ఒకరోజు కరెంటు పోతే, హుక్కులు కుట్టాల్సిన జాకెట్టు పట్టుకుని వెలుగు కోసం ఇల్లంతా తిరిగాను. ముందుగదిలో దారం ఎక్కలేదు. అరుగు మీద ఎక్కింది కానీ అక్కడ కూర్చుంటే దారినపోయే ప్రతివాళ్ళూ పలకరిస్తారు. పెరటి గుమ్మానికి లోపల, నాలుగడుగుల దూరంలో, బియ్యం డ్రమ్ము పక్కన నిలబడి చూస్తే ఒక్కసారికే ఎక్కింది. మీరూ అదే చెయ్యండి. సన్న సూది, నల్లదారం తీసుకుని మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, సాయంత్రం అయిదింటికి ఒకసారి, లైటు వెయ్యకుండా ఇంట్లో తిరగండి. రెండుసార్లూ దారం ఎక్కిన చోటే మీ మూల. సూది కన్నం కనిపించేచోట అక్షరం కనిపించకుండా ఎక్కడికి పోతుంది?

మా పెరడు ఉత్తరం వైపు. ఉత్తరం నుంచి వచ్చేది ఎండ కాదు, ఉత్త వెలుగు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. పడమటి కిటికీ దగ్గర మాత్రం వద్దు. సాయంత్రం ఎండ కళ్ళలో పొడుస్తుంది, పుస్తకాల వెన్నులు ఒక వేసవికే రంగు వెలిసిపోతాయి. ఎర్ర గుడ్డని పడమటి దండెం మీద వదిలేస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. వెలుగు కుర్చీకి కుడి ఎడమల్లో ఏ పక్క నుంచి వచ్చినా పరవాలేదు. వెనక నుంచి వస్తే మాత్రం మన తల నీడ మన పుస్తకం మీదే పడుతుంది, ఎదురుగా వస్తే కళ్ళు చికిలించాలి. రాసుకునే అలవాటుంటే, కుడిచేతి వాళ్ళకి ఎడమ పక్క నుంచి రావాలి.

చోటు దొరికాక అసలు గొడవ మొదలవుతుంది. అక్కడ ఖాళీ ఎందుకుంటుంది? నాకు కావలసిన నాలుగడుగుల చదరంలో బియ్యం డ్రమ్ము, రెక్క విరిగిన ఫ్యాను, మా అత్తగారి ట్రంకు పెట్టె, ఎవరికీ అక్కర్లేని ఇత్తడి బిందె ఉన్నాయి. ఫ్యాను పాతసామాన్ల వాడికి ఇచ్చేశాను. బిందె అటకెక్కింది. ట్రంకు పెట్టె ఉంచేశాను, అది తర్వాత పనికొచ్చింది. డ్రమ్ము దగ్గర మా ఇంట్లో మూడురోజులు మాటల్లేవు. బియ్యం ఈశాన్యంలో ఉండాలని మా ఆయన, అది ఈశాన్యం కాదు వాయవ్యం అని నేను. చివరికి ఫోన్లో దిక్సూచి చూసి డ్రమ్ముని వంటింట్లోకి దొర్లించాం.

ఇప్పుడు కుర్చీ. కుట్టుపని చేసేదాన్ని కాబట్టి కొలత లేకుండా దేనికీ డబ్బివ్వను. కుర్చీ కూడా జాకెట్టు లాంటిదే, ఒకరిది ఇంకొకరికి సరిపోదు. టేపు తీసుకుని, చెప్పుల్లేకుండా నిలబడి, నేల నుంచి మోకాలి వెనక మడత దాకా కొలవండి. నాది పదహారంగుళాలు. కుర్చీ ఎత్తు అంతే ఉండాలి. ఎక్కువైతే కాళ్ళు వేలాడి తిమ్మిరెక్కుతాయి. తర్వాత గోడకి ఆనుకుని కూర్చుని నడుం నుంచి మోకాలి మడత దాకా కొలిచి, అందులో రెండంగుళాలు తగ్గించండి. అది కుర్చీ లోతు. లోతు ఎక్కువైన సోఫాలో మనం ముందుకి జారి కూర్చుంటాం, నడుం గాల్లో ఉంటుంది, నొప్పి మొదలయ్యేది అక్కడే.

వీపు నిటారుగా ఉండే చెక్కకుర్చీ చదువుకి పనికిరాదు. మా మామగారి గుడ్డ పడక్కుర్చీ అంతకంటే పనికిరాదు, అందులో ఆయన ఏనాడూ రెండో పేజీ దాటలేదు. ఈ రెంటికీ మధ్యలో కావాలి. గోడగడియారంలో 12 అంకె నుంచి 3, 4 అంకెల నడిమికి ఎంత ఎడం ఉందో, కూర్చునే పలకకీ వీపుపలకకీ మధ్య అంత ఉంటే హాయిగా ఉంటుంది. మా ఊళ్ళో వెదురు, బెత్తం అల్లేవాళ్ళు ఉన్నారు. నా కొలతలు చీటీ మీద రాసిచ్చి బెత్తం కుర్చీ చేయించుకున్నాను. కుర్చీ చేతులు మన మోచెయ్యి ఆనే ఎత్తులో ఉండాలని కూడా రాశాను. బెత్తంలోంచి గాలి ఆడుతుంది, వైశాఖంలో వీపు తడవదు. కొనే వీలు లేకపోతే నవారు మంచం గోడవారకి జరిపి, వీపు వెనక గట్టి దిండు పెట్టుకోండి. కుర్చీ లేదని చదువు ఆపక్కర్లేదు.

వీపు కంటే ముందు మెడ పోతుంది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని తల వంచి చదువుతాం. దానికి నేను కనిపెట్టిన మందు ఒడి దిండు. ఇది మాత్రం కొలతలతో చెబుతాను, మిషను లేనివాళ్ళు చేత్తో కూడా కుట్టుకోవచ్చు.

దిండు పొడవు పద్ధెనిమిది అంగుళాలు, వెడల్పు పన్నెండు. లోపలి సంచీకి పాత పంచె చాలు. బూరుగు దూది వెయ్యకండి, మెత్తగా ఉంటుంది కానీ మోచేతులు ఆన్చగానే అణిగిపోతుంది. మామూలు దూది ముప్పావు కిలో ఏకించి, మూలల్లోకి స్కేలుతో దట్టించి కూరాలి. దిండు అనడం కంటే కుషను అనాలి దాన్ని. పై గలీబుకి ముందు ముక్క 19 × 13 అంగుళాలు, చుట్టూ అరంగుళం కుట్టుకి పోతుంది. వెనకవైపు ఒకే ముక్క కాదు, రెండు ముక్కలు, ఒక్కొక్కటి 12½ × 13. ప్రతి ముక్కకీ నడిమికొచ్చే అంచుని అంగుళం మడిచి కుట్టండి. రెంటినీ ముందు ముక్క మీద పరిస్తే మధ్యలో నాలుగంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. జిప్పూ బొత్తాలూ అక్కర్లేదు, దిండు అందులోంచే దూరుతుంది. గుడ్డల మంచి వైపులు లోపలికి పెట్టి నాలుగు పక్కలా కుట్టి తిరగెయ్యండి. గుడ్డ కాటన్ అయితేనే మంచిది. వెల్వెట్ చూడ్డానికి సరే, ఒళ్ళో పెట్టుకుంటే కుంపటే.

ఈ దిండు ఒళ్ళో పెట్టుకుని పుస్తకం దాని మీద నిలబెడితే కంటికి పదహారంగుళాల దూరంలో ఉంటుంది. నా దగ్గరి చూపు కళ్ళద్దాలకి అది సరైన దూరం. మీ అద్దాలతో ఏ దూరంలో అక్షరం తేటగా ఉందో ఒకసారి టేపు పెట్టి చూసుకుని, దిండు మందం దానికి తగ్గట్టు మార్చుకోండి.

రాత్రి వెలుగు సంగతి. బల్బు డబ్బా మీద వాట్లు ఒక్కటే చూడకండి, పక్కన కె అనే అక్షరంతో ఇంకో అంకె ఉంటుంది. 6500 అంటే నీలం కలిసిన తెల్ల వెలుగు, 3000 అంటే పసుపు. మిషను దగ్గర నాకు 6500 ఉండితీరాలి. పసుపు వెలుగులో నల్లదారం ఏదో ముదురు నీలం ఏదో తెలీక ఒకసారి పెళ్ళి జాకెట్టు మొత్తం విప్పి కుట్టాను. చదివే మూలలో మాత్రం 3000, తొమ్మిది వాట్లు. తెల్ల వెలుగు కింద కూర్చుంటే ఇంకా మిషను దగ్గరే ఉన్నట్టుంటుంది నాకు. స్టాండు లైటుని భుజానికి పక్కగా, కొంచెం వెనగ్గా పెట్టండి. కూర్చున్నప్పుడు బల్బు కంటపడకూడదు, పేజీ మీద వెలుగు పడాలి. చుట్టూ గది పూర్తిగా చీకటి చెయ్యకండి, దూరంగా ఇంకో చిన్న దీపం ఉంటే కళ్ళు అలిసిపోవు. మాకు తుపాను రోజులెక్కువ కాబట్టి ఛార్జింగు లైటు ఒకటి మేకుకి వేలాడుతూ ఉంటుంది.

ఫ్యాను నెత్తిన వద్దు, పేజీలు ఆగవు. పక్కనుంచి కాళ్ళ మీదకి వచ్చేట్టు పెడితే దోమలూ చేరవు.

పుస్తకాల గురించి. ట్రంకు పెట్టె ఉంచానన్నాను కదా. రెండు వరసల ఇటుకలు పేర్చి, గోడకి రెండంగుళాల ఎడంగా పెట్టాను. దాని మీద వడ్రంగి చేత చిన్న అలమరా వేయించాను. ముప్పావు అంగుళం ప్లైవుడ్, పలక పొడవు రెండున్నర అడుగులు. మూడడుగులు పెడదామన్నాడు వడ్రంగి, నేను ఒప్పుకోలేదు. పుస్తకాల బరువుకి పొడుగు పలక ఏడాదిలో ఉయ్యాలలా వంగుతుంది. గోడకి ఎడం ఎందుకంటే, వానాకాలం మా గోడలు చెమరుస్తాయి. తడి చేరితే బూజు, ఆ వెనకే వెండిలా మెరిసే పురుగులు, అడుగు నుంచి చెదలు. ఇటుకల మీద మట్టిగీత కనిపించిన రోజే తుడిచెయ్యాలి. ఎండు వేపాకు వేస్తే పురుగు రాదని మా అత్తగారు అనేవారు, ఇప్పటికీ వేస్తున్నాను. నీడలో గలగలలాడేట్టు ఎండబెట్టిందే వెయ్యాలి, పచ్చిది వేస్తే మనమే తడి పెట్టినట్టు. నా అనుభవంలో ఆకు కంటే, నెలకోసారి పుస్తకం తీసి దులపడమే బాగా పనిచేసింది. చదివితే దులపక్కర్లేదు, అది వేరే సంగతి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా పెంకులు లేచిపోయి అటక మీంచి నీళ్ళు కారాయి. అప్పుడు నా పుస్తకాలు అటక మీదే ఉండేవి. వారపత్రికల్లోంచి సీరియళ్ళు కత్తిరించి, దబ్బనంతో నేనే కుట్టుకున్న బైండ్లు పదకొండు తడిసిపోయాయి. కంగారులో మొదటి రెంటినీ ఎండలో పరిచాను. సాయంత్రానికి అప్పడాల్లా వంకర్లు పోయాయి. మిగతావాటిని బట్టమీద నిలబెట్టి, విసనకర్రలా విప్పి, పదిహేను పేజీలకొకటి తెల్లకాగితం పెట్టి, నీడలో ఫ్యాను గాలికి ఉంచాను. కరెంటు వచ్చేదాకా విసనకర్రే. కాగితం తడవగానే మార్చాలి. న్యూసు పేపరు పెట్టకండి, దాని సిరా మన పేజీకి అంటుతుంది. పూర్తిగా ఆరకముందే, చేతికి చల్లగా తగులుతున్నప్పుడే, రెండు పలకల మధ్య పెట్టి పైన బియ్యం మూట ఎక్కించాను. తొమ్మిదీ దక్కాయి. అందుకే పుస్తకాలు అటక దిగి ఇటుకల మీదకి వచ్చాయి.

మూల తయారైన వారానికే నా కుర్చీ దండెం అయింది. తువ్వాళ్ళు, మనవరాలి స్కూలు బ్యాగు, ఎవరిదో కొలత జాకెట్టు. అరిచి లాభం లేదు. పెరటి గుమ్మం పక్కన నాలుగు కొక్కేలు కొట్టించాను, బట్టలు అటు వెళ్ళాయి. కుర్చీ చేతికి గుడ్డ సంచీ ఒకటి కుట్టి వేలాడదీశాను. కళ్ళద్దాలకో అర, పెన్సిలుకో అర. ఫోనుకి కావాలనే పెట్టలేదు. ప్లగ్గు కూడా అక్కడ లేదు.

చదివే వేళ మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర. అప్పుడు గిరాకీ రాదు. జూన్లో రజొ పండగ మూడురోజులు మా వీధి ఒడియా ఇళ్ళలో ఆడవాళ్ళు పని ముట్టరు, ఉయ్యాలలూగుతారు. కొత్తబట్టలన్నీ అంతకు ముందే ఇచ్చేసి ఉంటాను కాబట్టి నేనూ మిషను మూసేసి కుర్చీలో కూర్చుంటాను. మనది కాని పండగ అని ఎవరన్నారు?

అలమరా కింది అర మనవరాలిది. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. పుస్తకాన్ని బొహి అంటుంది. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఊరు అటు వెళ్ళింది, తెలుగు పుస్తకాలకి మేం శ్రీకాకుళం వెళ్ళాల్సి వస్తోంది. వెళ్ళిన ప్రతిసారీ పెద్ద అక్షరాలూ బొమ్మలూ ఉన్నవి రెండు తెచ్చి, ఆ అరలో అట్టబొమ్మ కనిపించేలా ఎదురుగా నిలబెడతాను. వెన్ను మాత్రమే కనబడితే పిల్లలు ముట్టుకోరు. మొదట్లో నేల మీద బొంత పరుచుకుని నా కాళ్ళ దగ్గర కూర్చునేది. మొన్న టేపు తెచ్చి, తన మోకాలి మడత దాకా కొలవమంది. పదకొండంగుళాలు. బెత్తం అల్లే ఆయనకి చీటీ పంపించాను. కుర్చీ వచ్చేలోగా ట్రంకు పెట్టె ఎటు జరపాలో తేలాలి, మా ఆయన అప్పుడే దిక్సూచి తీశారు.